చేతి నుంచి చెవికి

హెవీ మెటల్ అభిమాని పాటను వెతుక్కుంటూ పోవలసినవాడు. సినిమా పాటకు ఆ శ్రమ అక్కర్లేదు. అది పెళ్లి పందిట్లో, ప్రైవేటు బస్సులో, పక్కింటి టీవీలో, ఎన్నికల ఆటో మైకులో తనే వచ్చి చెవిన పడుతుంది. ఇష్టం ఉన్నా లేకున్నా ఆ ఏడాది హిట్లన్నీ నోటికి వచ్చేస్తాయి. మెటల్ సంగతి వేరు. ఆదోని పత్తి మార్కెట్టు ముందో, ఎమ్మిగనూరు బస్టాండులోనో నిలబడి ఎంతసేపు చెవులు రిక్కించినా ఒక్క గిటారు రిఫ్ వినపడదు. గూడూరులో అసలే వినపడదు. ఇక్కడ గూడూరంటే అందరికీ తెలిసిన నెల్లూరు వైపు జంక్షను కాదు. కర్నూలుకు పడమరగా, ఎమ్మిగనూరు పోయే దిక్కున ఉన్న నగర పంచాయతీ. ఇలాంటి ఊళ్లో మెటల్ వినేవాడు ఒకడున్నాడంటే వాడికి ఆ సంగీతాన్ని అందించినవాళ్లు ఎవరో ఉండి ఉంటారు. వరసకు అన్న కావచ్చు, హాస్టల్ సీనియర్ కావచ్చు, బెంగళూరులో ఉద్యోగం చేసే బావ కావచ్చు. యాభై ఏళ్లలో క్యాసెట్టు పోయింది, సీడీ పోయింది, పెన్ డ్రైవు కూడా పాతబడింది. ఒకరు వినిపిస్తే ఇంకొకరు వినడం మాత్రం పోలేదు.

మొదటి పరిచయం చాలామందికి సంగీతం పేరుతో జరగదు. తొంభైల చివర్లో, రెండు వేల తొలి ఏళ్లలో ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత ఇచ్చి కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లలు ముందుగా ఆడింది రోడ్ రాష్. పక్క బైకువాణ్ణి గొలుసుతో కొట్టి ముందుకు దూసుకుపోయే ఆ ఆటలో సౌండ్‌గార్డెన్, మాన్‌స్టర్ మాగ్నెట్ వంటి అమెరికా బ్యాండ్ల పాటలుండేవి. ఆడినవాళ్లలో నూటికి తొంభై మందికి ఆ పేర్లు తెలియవు, తెలుసుకోవాలని అనిపించనూ లేదు. మిగిలిన ఆ కొద్దిమంది గురించే ఈ వ్యాసం. 2005లో వచ్చిన నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ ఈ పని ఇంకా గట్టిగా చేసింది. అందులో డిస్టర్బ్‌డ్, అవెంజ్‌డ్ సెవెన్‌ఫోల్డ్, బులెట్ ఫర్ మై వాలెంటైన్‌తో పాటు మాస్టడాన్ లాంటి ముదురు బ్యాండు కూడా ఉంది. పాట మొదలవగానే తెర మూలన బ్యాండు పేరు కనిపించేది. పేరు తెలిస్తే సగం దారి దొరికినట్టే.

రెండో దారి కుస్తీ. కేబుల్ టీవీలో డబ్ల్యూడబ్ల్యూఈ చూసి, ట్రంప్ కార్డులు పోగేసుకున్న తరానికి ట్రిపుల్ హెచ్ నోట్లో నీళ్లు పోసుకుని గాల్లోకి ఊదడం తెలుసు. ఆ సమయంలో వెనక నుంచి గరగరమని పాడే గొంతు మోటర్‌హెడ్ గాయకుడు లెమ్మీదని తెలియదు. 2001లో హ్యూస్టన్‌లో జరిగిన రెసిల్‌మేనియాలో ఆ బ్యాండు స్వయంగా వేదికెక్కి వాయించింది. లక్షల మంది తెలుగు పిల్లలకు మోటర్‌హెడ్ అలా పరిచయమైంది, పేరు చెప్పకుండా.

సినిమా పాత్ర ఎంత? తక్కువే, కానీ లేకపోలేదు. తమ్ముడు (1999), బద్రి (2000) చిత్రాలకు రమణ గోగుల చేసిన సంగీతంలో ఎలక్ట్రిక్ గిటారు అలంకారంగా కాక పాటకు వెన్నెముకగా వినిపించింది. అది మెటల్ కాదు. అయితే వక్రీకరించిన గిటారు ధ్వనిని తెలుగు చెవి కరకరలాడే రొదగా కాక హుషారుగా భావించడానికి అలాంటి పాటలు ఉపయోగపడ్డాయి. తరవాత హీరో ప్రవేశాలకూ ఫైట్లకూ నేపథ్య సంగీతంలో బరువైన గిటారు మామూలైపోయింది. థియేటరులో దానికి ఈలలు వేసే మనిషే హెడ్‌ఫోన్లో అదే ధ్వని వినబోతే ‘ఏమిరా ఈ గోల’ అంటాడు. తెర మీద బొమ్మ ఉంటే చెవికి చాలా సంగతులు సహించదగినవవుతాయి.

ఇక లింకిన్ పార్క్. 2000లో వచ్చిన హైబ్రిడ్ థియరీ మన ఇంజనీరింగ్ కాలేజీల్లో వినిపించినంతగా మరే పాశ్చాత్య రాక్ ఆల్బమూ వినిపించి ఉండదు. విచిత్రమేమంటే, మెటల్ బ్యాండ్లన్నిటికీ పట్టిక కట్టే ఎన్‌సైక్లోపీడియా మెటలమ్ ఈ బ్యాండును లెక్కలోకే తీసుకోదు. మాంట్రియాల్‌కు చెందిన ఇద్దరు అభిమానులు 2002లో మొదలుపెట్టిన ఆ కోశానికి ఏది మెటల్, ఏది కాదు అన్న విషయంలో కచ్చితమైన నియమాలున్నాయి. కాబట్టి గుమ్మం దాటి లోపలికి వచ్చినవాడికి మొదట తెలిసే సంగతి, తాను దాటి వచ్చిన గుమ్మం ఇంటిలో భాగం కాదని. కొందరు అక్కడే సిగ్గుపడి తమ పాత ఇష్టాన్ని దాచేస్తారు. అనవసరం.

లోపలికి వచ్చాక పేర్ల అడవి ఎదురవుతుంది. థ్రాష్, డూమ్, డెత్, బ్లాక్, పవర్, ప్రోగ్రెసివ్ అంటూ వినేవాళ్లు చేసే విభజనలు బయటివాళ్లకు నవ్వు తెప్పిస్తాయి. అన్నీ ఒకే అరుపు కదా అంటారు. అభిమానికి మాత్రం అవి దారి చూపే గుర్తులు. థ్రాష్ అంటే ఎనభైల తొలి ఏళ్లలో శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల పదునుదేరిన వేగం. డూమ్ దానికి ఎదురు దిక్కు, బరువుగా ఈడ్చుకుంటూ సాగుతుంది. డెత్ మెటల్‌లో గొంతు బొడ్డు లోతుల నుంచి వస్తుంది, నార్వే బ్లాక్ మెటల్‌లో కీచుమంటుంది. పవర్ మెటల్‌లో రాగం పైచేయి, జర్మన్లకు అదంటే ప్రీతి. ఫలానా బ్యాండు డూమ్ అని తెలిస్తే, అది తనకు నచ్చితే, వెతకవలసిన చోటు వెయ్యి బ్యాండ్ల నుంచి వందకు తగ్గుతుంది. ఎవరూ చేయి పట్టుకుని నడిపించని ఊళ్లో ఈ సౌకర్యం చిన్నది కాదు.

ఆ పైన నడిచేది వంశావళి. సంబంధం మాట్లాడడానికి వచ్చిన పెద్దాయన ఇంటిపేరు వినగానే మూడు తరాల చుట్టరికాలు వల్లించినట్టు, ముదిరిన అభిమాని ఒక బ్యాండు పేరు చెబితే పుట్టుపూర్వోత్తరాలన్నీ అప్పజెప్పేస్తాడు. 1983లో డేవ్ మస్టేన్‌ను మెటాలికా సాగనంపింది, అతను మెగాడెత్ పెట్టుకున్నాడు. రాన్నీ జేమ్స్ డియో రెయిన్‌బో నుంచి బ్లాక్ సబాత్‌కు వచ్చి 1980లో హెవెన్ అండ్ హెల్ పాడాడు, ఆ తరవాత సొంత పేరుతో బ్యాండు కట్టాడు. మెటాలికా నచ్చినవాడు మెగాడెత్‌కు, రెయిన్‌బో నచ్చినవాడు సబాత్‌కు ఇలాగే చేరుకుంటాడు. ఇదంతా ఒకప్పుడు క్యాసెట్టు డబ్బాలో మడిచిపెట్టిన కాగితం చదివితే దొరికేది. ఎవరు వాయించారు, ఎక్కడ రికార్డు చేశారు, ఎవరెవరికి కృతజ్ఞతలు చెప్పారు, అన్నీ అందులో ఉండేవి. ఆ కృతజ్ఞతల జాబితాలో కనిపించిన తెలియని పేర్లే తరవాత వెతకవలసిన బ్యాండ్లు.

స్టూడియో పేరు పట్టుకుని పోయేవాళ్లూ ఉన్నారు. ఫ్లోరిడాలోని టాంపాలో మోరిసౌండ్ స్టూడియో, అందులో స్కాట్ బర్న్స్ అనే సౌండ్ ఇంజనీరు. ఎనభైల చివర, తొంభైల మొదట అమెరికా డెత్ మెటల్‌లో పెద్ద భాగం వారి చేతి మీదుగా పోయింది. స్టాక్‌హోమ్‌లో టోమాస్ స్కోగ్స్‌బర్గ్ నడిపిన సన్‌లైట్ స్టూడియోలో గిటారుకు రంపం కోత లాంటి ధ్వని వచ్చేది. ఎన్‌టూమ్‌డ్ వినేటప్పుడు ఆ కోత నచ్చినవాడు బ్యాండు పేరు చూడకుండానే సన్‌లైట్ ముద్ర ఉన్నదల్లా వింటాడు. సినిమా సంగీతాన్ని ఈ తీరున వినేవాళ్లు అరుదు. ఫలానా పాటను చెన్నైలో ఏ రికార్డింగ్ థియేటరులో, ఏ ఇంజనీరు చేత చేయించారన్నది మామూలు శ్రోతకు పట్టదు. మెటల్‌లో అదే మొదటి ప్రశ్న కావచ్చు.

కవర్ పాటల దారి ఇంకా సులువు. డెన్మార్క్‌లో పుట్టిన లార్స్ ఉల్రిక్ డైమండ్ హెడ్ అనే ఇంగ్లీషు బ్యాండు మీద మోజుతో 1981లో కుర్రవాడిగా ఇంగ్లండు వెళ్లి వాళ్ల వెంట తిరిగాడు. అదే ఏడు లాస్ ఏంజెలెస్‌లో అతని బ్యాండు మెటాలికా మొదలైంది. ఆ బ్యాండు డైమండ్ హెడ్ పాటలు వాయిస్తూ పోయింది; 1998లో తాము వాయించిన పరాయి పాటలన్నీ కలిపి గరాజ్ ఇంక్ పేరుతో తెచ్చింది. ఆ ఆల్బమ్‌ను సంగీతంగా కాక చదవవలసిన పుస్తకాల జాబితాగా వాడుకున్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. బడ్జీ, మిస్‌ఫిట్స్, కిల్లింగ్ జోక్ వంటి పేర్లు మన దేశంలో చాలామందికి మొదట తెలిసింది అక్కడే.

ఉల్రిక్ ఒక విధంగా టేప్ ట్రేడర్ కూడా. ఎనభైల్లో ఈ పని ఒక రహస్య తపాలా శాఖలా నడిచింది. తన దగ్గరున్న డెమోల జాబితా ఒకడు ఉత్తరంలో పంపుతాడు, అవతలివాడు తనవి పంపుతాడు, ఇద్దరూ ఖాళీ క్యాసెట్ల మీద కాపీ చేసి పోస్టు చేసుకుంటారు. కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ. నాలుగో చేయి దాటేసరికి సంగీతం కన్నా బుస్సుమనే శబ్దమే ఎక్కువ. 1982లో మెటాలికా చేసిన నో లైఫ్ టిల్ లెదర్ డెమో ఈ తోవలోనే దేశాలు దాటింది. ఆల్బమ్ రాకముందే బ్యాండుకు పేరు వచ్చింది. అప్పటికే పత్రికలు తయారయ్యాయి. ఇంగ్లండులో సౌండ్స్ వారపత్రిక 1979లో ఈ కొత్త తరానికి న్యూ వేవ్ ఆఫ్ బ్రిటిష్ హెవీ మెటల్ అని పేరు పెట్టింది, 1981లో అదే పత్రిక నుంచి కెర్రాంగ్ పుట్టింది.

అసలు ఈ సంగీతం పుట్టుకలోనే చేతి నుంచి చేతికి అందిన రికార్డు ఒకటుంది. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసిన టోనీ అయోమీకి పదిహేడేళ్ల వయసులో యంత్రం కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం గిటారిస్టుకు అవి తీగలు నొక్కే వేళ్లు. ఇక వాయించలేనని కూర్చున్నప్పుడు ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఇంటికి వచ్చి జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు చచ్చుబడినా మిగతా వేళ్లతోనే వాయించిన జాజ్ గిటారిస్టు అతను. అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, తీగలు వదులు చేసుకున్నాడు. అతని బ్యాండు బ్లాక్ సబాత్ తొలి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. కార్మికుల ఊళ్లో, గాయం చుట్టూ అల్లుకున్న ఈ కథ మిల్లులున్న ఊళ్లకు పరాయిది కాదు. ఫోర్‌మన్ ఆ రికార్డు తేకపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం గానీ, తెచ్చాడన్న విషయాన్ని అభిమానులు మరవరు.

మన దేశానికి వస్తే, ఎనభైల్లో దీన్ని వినేవాళ్లు ఎక్కువగా నగరాల్లో ఇంగ్లీషు మీడియం చదివినవాళ్లు, విదేశాల్లో చుట్టాలున్నవాళ్లు. పత్రిక మాత్రం బొంబాయి నుంచి రాలేదు, ఢిల్లీ నుంచీ రాలేదు. 1993లో అలహాబాదులో అమిత్ సైగల్ మొదలుపెట్టిన రాక్ స్ట్రీట్ జర్నల్ దేశంలోని చిన్న బ్యాండ్ల వార్తలను ఊరూరికీ చేర్చింది. పోస్టులో వచ్చిన ఆ సంచిక ఒక హాస్టల్లో చిరిగేదాకా చేతులు మారేది. బెంగళూరులో 1988లో మిలెనియం, 1998లో క్రిప్టోస్ వచ్చాయి. ఆదోని మీదుగా పోయే ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చేరేది అదే బెంగళూరు. హైదరాబాదు రాజధానిగా ఉన్న కాలంలో కూడా ఈ పడమటి మండలాల పిల్లలు చదువుకూ కొలువుకూ ఎక్కువగా చూసింది కర్ణాటక వైపే. మెటల్ విషయంలో అది కలిసొచ్చింది. దేశంలో ఈ సంగీతానికి రాజధాని అంటూ ఉంటే అది బెంగళూరే.

అసలు విప్లవం హాస్టల్ గదుల్లో జరిగింది. 2000 తరవాత ఇంజనీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్లను తీగలతో కలిపి, డీసీ ప్లస్ ప్లస్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఒకరి ఫోల్డర్లు ఇంకొకరు దించుకునేవారు. అందులో న్యాయం లేదన్నది నిజమే. కళాకారులకు పైసా పోలేదు. మెటాలికా 2000లో నాప్‌స్టర్ మీద కోర్టుకెళ్లింది అందుకే. ఆ దావాను తిట్టుకుంటూ మెటాలికానే దించుకున్న కుర్రాళ్లు మన కాలేజీల్లో తక్కువేమీ లేరు. క్యాసెట్టులో ఒక ఆల్బమ్ దొరికితే నెల్లాళ్లు అదే. ఫోల్డర్లో బ్యాండు మొత్తం చరిత్ర ఏడాదుల వారీగా పేర్చి ఒకే రాత్రి దిగుతుంది. దిగాక ఏం చేయాలో తెలియదు. అప్పుడు పక్క గది తలుపు తట్టి అడిగే మాట: ‘అన్నా, దేనితో మొదలుపెట్టాలి?’ అన్న చెప్పే జవాబు మీద ఒక మనిషి పదేళ్ల అభిరుచి ఆధారపడుతుంది. 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీల్లో పల్లెల నుంచి వచ్చిన పిల్లల చేతికి లాప్‌టాప్‌లు ఇచ్చారు. అప్పటిదాకా ఇంగ్లీషు పాట అంటేనే బెరుకు పడిన ఇళ్లకు కూడా ఇలాంటి ఫోల్డర్లు చేరే వీలు అక్కడ కలిగింది.

కచేరీలు ఇంకో బడి. 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించింది. అంతకు ముందు వేదికెక్కిన ఢిల్లీ బ్యాండు పరిక్రమ ఆ తరవాత ఇంగ్లండులోని డౌన్‌లోడ్ ఉత్సవానికి కూడా వెళ్లింది. 2009 జనవరిలో స్వీడన్ బ్యాండు ఓపెత్ ఐఐటీ మద్రాసు సారంగ్ ఉత్సవంలో, 2011 అక్టోబరు 30న మెటాలికా బెంగళూరులో వాయించాయి. 2012లో బెంగళూరు ఓపెన్ ఎయిర్ మొదలైంది, తొలి ఏడు జర్మన్ థ్రాష్ బ్యాండు క్రియేటర్ వచ్చింది. పెద్ద బ్యాండు కోసం పోయినవాడు ముందు వాయించిన చిన్న బ్యాండును మోసుకుని తిరిగొస్తాడు. కచేరీ వల్ల నిజమైన లాభం అది. క్యూలో ముందు నిలబడిన మనిషి టీషర్టు మీద చదవడానికి వీల్లేని, ముళ్ల కంపలా అల్లిన అక్షరాలేమిటో అడగడంతో మొదలైన స్నేహాలున్నాయి. టీషర్టు మీద మరీ నమ్మకం పెట్టుకోకూడదు. కర్నూలు ఫుట్‌పాత్ మీదైనా మెటాలికా బొమ్మ దొరుకుతుంది, వేసుకున్నవాడికి అది బట్టల కంపెనీ పేరని నమ్మకం.

తెలుగు నేల మీద బ్యాండ్లున్న సంగతి మన అభిమానులకు తరచుగా ఆలస్యంగా తెలుస్తుంది. విశాఖపట్నంలో 2014లో మొదలైన అగెయిన్‌స్ట్ ఈవిల్ ఎనభైల నాటి సంప్రదాయ హెవీ మెటల్ వాయిస్తుంది. 2018లో ఆల్ హెయిల్ ద కింగ్, 2021లో ఎండ్ ఆఫ్ ద లైన్ తెచ్చింది. హైదరాబాదు బ్యాండు గాడ్‌లెస్‌ది డెత్ మెటల్. 2016లో సెంచురీస్ ఆఫ్ డెకడెన్స్, 2018లో స్వార్మ్, 2021లో పూర్తి స్థాయి ఆల్బమ్ స్టేట్స్ ఆఫ్ కేయాస్ వచ్చాయి. రెండూ ఇంగ్లీషులోనే పాడతాయి. విశాఖ బ్యాండు గురించి గూడూరు శ్రోతకు తెలిసేది విశాఖ నుంచి కాదు, ఐరోపా పత్రికలో సమీక్ష చదివిన ఎవరో చెబితే. తెలుగు దినపత్రికల సినిమా పేజీలో ఈ వార్తలకు చోటు లేదు. ఆ పేజీ రాసేవాళ్లను అనడానికీ లేదు. అడిగేవాళ్లు ఉంటే కదా.

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకయ్యాక, 2019లో స్పాటిఫై మన దేశంలో అడుగుపెట్టాక, దొరకడమనే సమస్య తీరిపోయింది. ఎంచుకోవడమనే సమస్య మొదలైంది. 2015 జూలై నుంచి ప్రపంచమంతటా కొత్త ఆల్బమ్‌లు శుక్రవారమే వస్తున్నాయి. అంతకు ముందు ఇంగ్లండులో సోమవారం, అమెరికాలో మంగళవారం, మనకు ఎప్పుడో. ఇప్పుడు గూడూరులో ఉన్నవాడూ బర్మింగ్‌హామ్‌లో ఉన్నవాడూ ఒకే శుక్రవారం ఒకే ఆల్బమ్ వింటారు. ఒక్కో వారం వచ్చే మెటల్ ఆల్బమ్‌లన్నీ ఏ మనిషీ వినలేడు, ఉద్యోగం మానుకున్నా.

యాప్ సిఫారసులు కొంతవరకే పనికొస్తాయి. ఇది విన్నవాళ్లు ఇంకేం విన్నారన్న లెక్క మీద అవి నడుస్తాయి. లక్షల మంది వినే బ్యాండ్ల దగ్గర లెక్క కుదురుతుంది. మూడు వందల మంది వినే బ్యాండు దగ్గర లెక్కకు ఆధారమే చాలదు. అందుకే యంత్రం తిప్పి తిప్పి మెటాలికా దగ్గరికే తెచ్చి నిలబెడుతుంది. ముదిరినవాళ్లు లేబుల్‌ను, అంటే ఆల్బమ్ తెచ్చే కంపెనీని నమ్ముకుంటారు. 1982లో మొదలైన అమెరికా మెటల్ బ్లేడ్, జర్మనీ న్యూక్లియర్ బ్లాస్ట్ పెద్దవి. ముంబయి నుంచి నడిచే ట్రాన్సెండింగ్ అబ్‌స్క్యూరిటీ ప్రపంచం నలుమూలల డెత్ మెటల్ బ్యాండ్లను వెతికి తెస్తుంది. ఒక లేబుల్ వరసగా మూడు మంచివి తెస్తే నాలుగోది పేరు చూడకుండా వినొచ్చు. 2008లో వచ్చిన బ్యాండ్‌క్యాంప్‌లో శైలినీ ఊరినీ కలిపి వెతికే వీలుంది, కొన్న డబ్బులో ఎక్కువ భాగం బ్యాండుకే చేరుతుంది. హాస్టల్ రోజుల బాకీ ఇక్కడ తీర్చుకుంటున్నవాళ్లున్నారు.

ఉత్సవాల ప్రకటనలను కూడా చదువుకునే పద్ధతి ఉంది. జర్మనీలోని వాకెన్‌కు 1990 నుంచి జనం పోతున్నారు. మన శ్రోత వెళ్లలేడు. కానీ ఆ పోస్టరులో పైన పెద్ద అక్షరాల్లో ఉన్నవి వదిలేసి, అడుగున కంటికి ఆననంత చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు ఒక్కొక్కటే వింటూ పోతాడు. పాత సంగీతమూ ఇలాగే కొత్తగా అందుతుంది. 2025 జూలై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్‌లో గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్‌కూ అతని బ్యాండు బ్లాక్ సబాత్‌కూ చివరి కచేరీ జరిగింది. ఆన్‌లైన్ టికెట్టు కొన్నవాళ్లు ఇంటి దగ్గరే చూడగలిగారు. ఆజీ అదే నెల 22న కన్నుమూశాడు. ఆ వారంలో 1970 నాటి ఆల్బమ్‌ను మొదటిసారి విన్న కుర్రాళ్లు ఎందరో.

ఇంత వరదలో మునిగిపోకుండా ఉండడానికి అనుభవమున్నవాళ్లు పెట్టుకున్న కట్టుబాట్లు చాలా సాదా సీదావి. వారానికి రెండు కొత్తవి, అంతకు మించి కాదు. నచ్చనిదాన్ని తీసేసే ముందు మరోసారి వినడం, ఎందుకంటే ఈ సంగీతం తొలి వినికిడిలో చాలాసార్లు గోలగానే ఉంటుంది. పాట పాటగా కాక ఆల్బమ్ వరస తప్పకుండా వినడం. తనతో అభిరుచి కలిసే ఇద్దరు ముగ్గురు మనుషులను వదులుకోకపోవడం. డిసెంబరు వచ్చేసరికి పత్రికలు ఆ ఏటి మేలైన ఆల్బమ్‌ల జాబితాలు వేస్తాయి. వాటిలో చాలా వరకు నవంబరులోనే తయారవుతాయి కనుక ఏడాది చివర వచ్చినవి జారిపోతాయి. జాగ్రత్త ఉన్న అభిమాని జనవరిలో కొత్త ఏటి ఆల్బమ్‌ల జోలికి పోకుండా మొదటి రెండు వారాలు ఆ డిసెంబరు మిగుళ్లకే కేటాయిస్తాడు.